జీరో టికెట్టు

ఇయ్యాల నాకు వీక్లీ ఆఫ్.
అయినా నాలుగున్నరకే మెలకువొచ్చింది.
తలుపు మేకుకు డ్యూటీ ఆప్రాన్ ఏలాడుతున్నది,
దాన్ని ఒకపారి సూసి
మళ్ల దుప్పటి ముసుగేసుకున్న.
ఇంత సుఖం ఏ పండుగకు దొరికింది నాకు?

బతుకమ్మ పోయి పదకొండు రోజులు.
గూట్లె మిగిలిన గునుగుపూలు ఎండినయి గని
రంగు ఇడువలె.
కొల్లాపురం మీద ఆకాశం
తోమి బోర్లేసిన తాంబాళం లెక్కున్నది.
చిన్న చలి,
స్వెట్టర్ అడిగేటంత కాదు,
పక్కల పండుకున్నోని కాళ్లకు కాళ్లు ఆనించేటంత.

కుర్మన్న చాయ పెట్టిండు.
పెండ్లయి పదమూడేండ్లు,
ఆయన చాయల చక్కెర ఒక చెంచెడు ఎక్కువే.
ఇంతవరకు చెప్పలె.
ఇగ చెప్ప.

పొద్దెక్కినంక ఈదమ్మ వాకిట్ల గంప దించింది,
నల్లమల వాసన ఇల్లంత తిరిగింది.
వందకు పదిహేను సీతాఫలాలు.
చిల్లర కాడ కొట్లాడే నోరు కద, బేరమాడిన.
పదారోది ఆమెనే ఏసింది,
"పిల్లకు" అని.

మా అత్త బాలకిష్టమ్మ ఒక్కొక్క కాయను
పసిపిల్ల మాడు నిమిరినట్టు నిమురుతది:
ఇది ఇయ్యాలకు. ఇది రేపటికి.
ఇది ఎల్లుండికి, వడ్లల్ల దాయి.
ఏ కాయ కండ్లు తెరిసిందో ఆమె ఏళ్లకు తెలుస్తది.
ఆమె కండ్లకే, రెండేండ్ల సంది మసక.

రాళ్లుప్పేసి పల్లికాయ ఉడకబెట్టిన,
కుక్కర్ల కాదు, కట్టెల పొయ్యి మీద.
కుర్మన్న ఆగలేక మూత తీసి
ఏళ్లు కాల్చుకున్నడు, రెండుపార్లు.

మధ్యాహ్నం నవ్వారు మంచం బస్సయింది.
కుర్మన్న డ్రైవరు, గంజుమూత స్టీరింగు.
బిడ్డ రవళి మెడల నా సంచి,
చేతుల టీవీ రిమోటు, అది టిమ్ము మిషనంట.
నన్ను ఫుట్‌బోర్డు మీద నిలవెట్టింది.
"లోపలికి జరగాలె! నీకే చెప్తున్న, లోపలికి!"
నా గొంతే అది.
ఇంత కటువుగుంటదా?

"ఏడికవ్వా?"

అత్త ఊరి పేరు చెప్పింది,
ఆమె పుట్టిన ఊరు.
డ్యాం కట్టినంక కృష్ణ ఎనుకకు జరిగి జరిగి
ఇండ్లనూ జొన్నచేన్లనూ
కప్పుకొని పండుకున్నది.
మా మిషన్ల ఆ స్టేజీ లేదు.
ఏ బస్సు బోర్డు మీదా ఆ పేరు లేదు.
కుర్మన్న స్టీరింగు తిప్పుడు ఆపిండు.
నా నోట్ల పల్లిగింజ నోట్లనే ఉన్నది.

పిల్లకు ఇవన్ని ఏం తెలుసు.
"ఆడోళ్లకు ఫ్రీ. జీరో టికెట్టు.
ఆధార్ చూపియ్యవ్వా."

అత్త కొంగు జరిపి ముంజేయి చాపింది.
పచ్చబొట్టు తేలు ఒకటి,
దాని కింద వాళ్లమ్మ పేరు,
వానకు తడిసిన సిరా లెక్క.
రవళి వంగి అచ్చరం అచ్చరం కూడబలుక్కున్నది.
"పాతదైంది, అప్‌డేట్ చేయించుకో" అన్నది.
అత్త నవ్విన నవ్వుకు
నోట్ల సీతాఫలం గింజ ఉరికొచ్చి
డ్రైవర్ ఈపుకు తాకింది.

క్యాలెండర్ల పోయిన నెల చింపి టికెటిచ్చింది.
బస్సు కదిలింది.
"మెల్లగ పోనియ్యి కొడుకా,
ఈడ చింతకొమ్మలు కిందికుంటయి, తలకాయ లోపలికి పెట్టుండ్రి.
ఇగో మా మేనమామ ఇల్లు. ఆపకు,
ఆపితే తిననిదే పంపరు.
ఇగ రేవు. వాసనొస్తలే?"
వచ్చింది.
ఉప్పునీళ్లల్ల నానిన పల్లిపొట్టుదో
మరి దేనిదో.

ఎండ మంచం కాడికొచ్చింది,
మంచం దాటి గోడెక్కింది.
తొక్కల చుట్టు చీమలు లైన్ల నిలవడ్డయి,
మా ప్యాసింజర్ల కంటె నయం.
రేపు పొద్దుగాల నాకు ఫస్ట్ బస్సు,
బాక్సు కడగాలె, ఆప్రాన్ ఇస్త్రీ చెయ్యాలె.

"దిగేటోళ్లున్నరా?" అనడిగింది రవళి.

ఎవ్వలం లేవలె.
కుర్మన్న నోటితోని గేరు మార్చిండు.
ఫుట్‌బోర్డు మీదికెల్లి
నేనే అన్న:
రైట్, రైట్.